పిల్లలతో మంచుకొండకు

అల్లసాని పెద్దన మనుచరిత్రమును చదివినవారికి ప్రవరాఖ్యుని హిమాలయ యాత్ర తెలియనిది కాదు. అరుణాస్పదపురమున నిత్యాగ్నిహోత్రియై, వృద్ధులైన తల్లిదండ్రులను సేవించుకొనుచు, ఇల్లాలితో సుఖముగా కాపురము చేసికొనుచుండిన ఆ గృహస్థునకు దూరదేశములను చూడవలెనన్న కోరిక బలీయము కాగా, సిద్ధుడొకడు ప్రసాదించిన పసరును పాదములకు పూసికొని, ఒంటరిగా మంచుకొండకు ఎగిరిపోయెను. ఎండవేడిమికి మంచు కరగి, ఆ నీటిలో కాళ్ళ పసరును కరగిపోగా, ఇల్లు చేరుట ఎట్లో తోచక కలవరపడెను. వరూధినీ వృత్తాంతము తరువాతి సంగతి. ఒక్క పూటలో పోయి, అన్నియు చూచి, ఆ పూటకే తిరిగి రావలెనన్న తొందర, ఇంటివారిని విడిచి ఒంటిగా పోవుట, మంచు స్వభావమును ఎరుగకుండుట, ఈ మూడును ఆయనను చిక్కులలో పడవేసినవి. నేడు ఓరుగంటి నుండి పిల్లాపాపలతో మంచు చూడ బయలుదేరుచున్న కుటుంబములు వీనిలో నడిమి లోపమును దిద్దుకొన్నవి. తక్కిన రెండును ఇంకను మిగిలియున్నవని నా అభిప్రాయము.

ఈ యాత్ర ఇప్పుడు కలవారికి మాత్రమే పరిమితమైన వేడుక కాదు. కాజీపేట పెద్ద రైల్వే కూడలి. అచటి రైల్వే ఉద్యోగుల కుటుంబములకు ప్రయాణపు పాసులు కలవు. భూపాలపల్లి సింగరేణి కార్మికులకును, ప్రభుత్వోద్యోగులకును సెలవు ప్రయాణ రాయితీయగు ఎల్‌టీసీ కలదు. తక్కినవారు చిట్టీ పాడుకొనియో, ఏడాది పొడవున కొంత కొంత కూడబెట్టియో పోవుచున్నారు. తండ్రికి అంత కోరిక లేకున్నను, సినిమాలోను, ఫోనులోను చూచిన పిల్లలు "మంచుల ఆడుకోవాలె" అని పట్టుబట్టిన తరువాత ఆ ఇంట మరి వేరు మాట సాగదు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాయు ఊరిలో, గ్రానైటు గుట్టల నడుమ పుట్టి పెరిగిన బిడ్డకు తెల్లని చల్లని నేల యొకటి ఉన్నదని వినుటయే ఒక అద్భుతము గదా!

అయితే ఎప్పుడు పోవలెనన్నది మొదటి ప్రశ్న. మన బడులకు దసరా సెలవులు దీర్ఘములే కాని, ఆశ్వయుజ మాసమున మనాలిలో గాని సిమ్లాలో గాని మంచు కానరాదు. పైగా సద్దుల బతుకమ్మనాడు ఓరుగల్లును విడిచి పోవుటకు ఇచటి ఆడపడుచు ఎవరును సమ్మతింపరు. వేసవి సెలవులు ఇంకను దీర్ఘములు. మన ప్రాంతపు కుటుంబములు చాలకాలముగా మే నెలలోనే కులు, మనాలీలకు పోయి, 3,978 మీటర్ల ఎత్తున నున్న రోహ్తాంగు కనుమ కడ బాట ప్రక్కన మిగిలిన మురికిపట్టిన పాతమంచును త్రొక్కి వచ్చుచుండిరి. అది మంచే, కాని ఆకాశమునుండి రాలునప్పుడు చూచిన మంచుకును, ఎండకు గట్టిపడి బండి పొగకు నల్లబడిన మంచుకును పోలిక లేదు. కావున నిజముగా మంచుకాలమును చూడగోరువారికి మిగులునవి క్రిస్మసునకు ఇచ్చు కొద్ది సెలవులును, సంక్రాంతికి ఇచ్చు దాదాపు వారము దినములును. కోస్తా జిల్లాలవారికి సంక్రాంతినాడు ఇల్లు విడుచుట కష్టము. మనకు దసరా పెద్ద పండుగ గనుక కొంత సులభము. పిండివంటలు ముందుగానే వండుకొని, సకినాల డబ్బా సంచిలో పెట్టుకొని బయలుదేరిన తల్లి వివేకవంతురాలని చెప్పెదను. నూనెలో కాలి, నువ్వులు కలిసిన ఆ బియ్యపుపిండి వంటకము దినములకొలది చెడక, చలిలో ఆకలిగొన్న పిల్లవానికి వెంటనే బలమిచ్చును.

మంచును చూడకముందు మన పిల్లలకు తెలిసిన మంచుగడ్డ వడగండ్లే. చైత్ర వైశాఖములలో గాలివాన కురిసి, మామిడిపిందెలు రాలి, కల్లములలోని మిరప తడిసి రైతు తల పట్టుకొని కూర్చున్నవేళ, పిల్లలు వాకిట వడగండ్లు ఏరుకొనుచుందురు. ఆ పరిచయము చాలదు. హైదరాబాదులో ఇందిరా పార్కు సమీపమున, దిగువ ట్యాంకుబండు కడ 2004లో నెలకొల్పిన స్నో వరల్డు అను క్రీడాశాలలో యంత్రముల సహాయమున సున్నకు దిగువ చలిని కల్పించి, కృత్రిమముగా మంచు కురిపించుచున్నారు. అసలు మంచుతో దానిని పోల్చరాదుగాని, దూరప్రయాణమునకు ముందు ఒక ఆదివారము పిల్లలను అచటికి కొనిపోయి, ఏ బిడ్డకు చలి పడును, ఏ బిడ్డకు ముక్కు మూసికొనిపోయి ఆయాసము వచ్చును అని కనిపెట్టుట మంచిది. ఇక ఆంధ్రకాశ్మీరమని పేరుపొందిన లంబసింగి ఉన్నది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి కడ, సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తుననున్న ఆ కుగ్రామమున డిసెంబరు, జనవరి వేకువలలో ఉష్ణము సున్న దగ్గరకు దిగి, పొగమంచు లోయలను కప్పివేయును. వేలకొలది ఖర్చు చేయలేని కుటుంబమునకు అది చాల గొప్ప యాత్రయే. అయితే అచట కురియునది మంచుపొగ, తెల్లని హిమము కాదని పిల్లలకు ముందే చెప్పి కొనిపోవలెను.

ఉత్తరమునకు పోదలచినవారికి ఓరుగల్లు మంచి తావు. చెన్నై నుండి ఢిల్లీకి పోవు తమిళనాడు, గ్రాండు ట్రంకు ఎక్స్‌ప్రెస్సులు వరంగల్లు మీదుగా పోవును. అండమాను ఎక్స్‌ప్రెస్సు ఇంకను దూరము సాగి జమ్మూ దాటి కాట్రా వరకు కొనిపోవును. 2025 జూన్ 6న చీనాబు వంతెనతోపాటు కాట్రా-శ్రీనగరు రైలు ప్రారంభమైన పిమ్మట, ఓరుగంటి స్టేషనులో రైలెక్కినవాడు పట్టాల మీదనే కాశ్మీరలోయలో దిగుట సాధ్యమైనది. నదికి 359 మీటర్ల ఎత్తున రైలు సాగుచుండగా కిటికీకి అతుక్కొనిపోని పిల్లవాడు ఉండునా? కాని అదే సంవత్సరము ఏప్రిల్ 22న పహల్గాములో ఉగ్రవాదులు 26 మందిని బలిగొన్న సంగతిని మరువరాదు; కాశ్మీరమునకు పోవువారు అప్పటి పరిస్థితిని విచారించి, అధికారుల సూచనలను పాటించియే పోవలెను. హిమాచలమునకైనచో ఢిల్లీ నుండి రాత్రంతయు బస్సులో మనాలికి పోవుట వాడుక. మండి దాటిన తరువాత మలుపుల దారిలో పిల్లలు వాంతులు చేసికొందురు గనుక రాత్రి భోజనము తేలికగా పెట్టి, వారిని ముందు సీట్లలో కూర్చుండబెట్టుట మేలు. ఆ దారి పొడవునా బియాసు నది ప్రక్కనే ఉండును. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది ఆ నదిలో దిగి ఫొటోలు తీసికొనుచుండగా, లార్జీ ఆనకట్ట నుండి విడిచిన నీరు వచ్చి వారిని కొట్టుకొనిపోయినది. ఆ నది ఒడ్డున బస్సు ఆగినప్పుడు పిల్లల చేయి విడువకుడని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

టూరు ప్యాకేజీల మాట ఇక్కడ కొంత కఠినముగానే చెప్పవలసియున్నది. అయిదు దినములలో సిమ్లా, కుఫ్రి, కులు, మణికరణ్, మనాలి, సోలంగు అని ఆరు పేర్లు అచ్చువేసిన కరపత్రమును చూచి, పేర్లు ఎక్కువైనకొలది రూకలకు తగిన ఫలమని మనవారు మురియుదురు. దాని ఫలితము ఏమన, పెద్దలు దినమునకు ఎనిమిది గంటలు బండిలో కూర్చుండి అలయుటయు, పిల్లలు మంచులో నిలుచునది గంటసేపే అగుటయు. ప్రవరుని పసరు మనకు టెంపో ట్రావెలరై దొరికినదని అనుకొనుట పొరపాటు. పిల్లవానికి ఆరు ఊళ్ళు అక్కరలేదు. ఒక్క ఊరు చాలును. ఒక్కచోట నాలుగు దినములు బస చేసి, మొదటి దినము ఊరక విశ్రమించి, మరునాడు కొంతసేపు మంచులో ఆడి, మూడవనాడు నిన్నటి చోటికే తిరిగి పోయినచో, నిన్న తాను చేసిన మంచుబొమ్మ ఏమైనదో వెదకుకొను ఆనందము ఆ బిడ్డకు దక్కును. క్రొత్తచోటులో లేని సుఖము మరల చూచిన చోటులో ఉన్నదని పెద్దలకంటె పిల్లలకే బాగుగ తెలియును.

విశ్రాంతి దినమును నేను ఇంతగా నొక్కిచెప్పుటకు శరీరధర్మము కారణము. వరంగల్లు సముద్రమట్టమునకు 300 మీటర్ల లోపుననే ఉన్నది. మనాలి 2,000 మీటర్లకు పైన, కాశ్మీరములోని గుల్మార్గు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నవి. ప్రతి 1,000 మీటర్లకు గాలి చల్లదనము సుమారు 6.5 డిగ్రీలు పెరుగుచు, గాలిలోని ఒత్తిడి తగ్గుచు, ఒక్కొక్క శ్వాసకు దొరకు ప్రాణవాయువు తగ్గుచు వచ్చును. 2,500 మీటర్లు దాటిన తరువాత కొందరికి తలనొప్పి, వికారము, నిద్రలేమి కలుగును. పెద్దవాడు తలనొప్పియని చెప్పగలడు. మూడేండ్ల బిడ్డ చెప్పలేడు. అకారణముగా మారాము చేయుట, అన్నము ముట్టకుండుట, ఆటకు లేవకుండుట అతని భాష. అట్టివేళ మందుబిళ్ళ వేసి ఇంకను పైకి పోవుట కాదు, క్రిందికి దిగుటయే చికిత్స. గుల్మార్గులో గొండోలా అను తీగబండి రెండవ దశ ఎక్కినవారిని అఫర్వాటు శిఖరము చెంత సుమారు 3,950 మీటర్లకు కొద్ది నిమిషములలో చేర్చును. శిశువులను ఆ దశకు కొనిపోకుండుటయే వివేకము. ఆయాసము ఉన్న పిల్లల విషయమున వైద్యుని అడుగవలెను. మరియొక ముఖ్యవిషయము: మన ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాదు ప్రాంతముల గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ అను రక్తవ్యాధి కానవచ్చుచున్నది, ఆ వ్యాధి కలవారికి చలియు, ఎత్తును, రెండును హానికరములు. రక్తపరీక్ష చేయించుకొనక అట్టి పిల్లలను కొండకు కొనిపోరాదు.

శరీరమును మెల్లమెల్లగా అలవాటు చేసినచో తెలంగాణ బిడ్డ ఎంత దూరము పోగలదో మాలావత్ పూర్ణ చూపినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన ఆ బాలిక, మనము హైదరాబాదునకు పోవునప్పుడెల్ల బస్సు కిటికీలో చూచుచుండు భువనగిరి ఏకశిల మీద తొలుత ఎక్కుట నేర్చినది. పిదప డార్జిలింగులోను, ఆ తరువాత చలికాలమున లడాఖులోను శిక్షణ పొంది, 2014 మే 25న, 13 ఏండ్ల 11 నెలల వయసున ఎవరెస్టు శిఖరమును చేరినది. నాటి ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారుడు ఆమెతో కూడ శిఖరమెక్కెను. మన పిల్లలు ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. కాని ఎండబండ నుండి మంచుకొండకు ఆ బిడ్డను మెట్టు మెట్టుగా నడిపించిన ఓర్పు మనకును ఆచరణయోగ్యము.

దుస్తుల సంగతి. చలికాలము రాగానే తెలుగు పట్టణములకు స్వెట్టర్లు అమ్మ వచ్చు టిబెట్టు, నేపాలు వర్తకుల కడ మంచి ఉన్ని దొరకును. ఒక్క మందపుకోటు కంటె మూడు పలుచని పొరలు మేలు; పొరల నడుమ నిలిచిన గాలియే వెచ్చదనమును కాపాడును. మన ఇండ్లలో అలవాటైన నూలుబనియను చెమటకు తడిసి ఆరదు. తడినూలు ఒంటివేడిని లాగివేయును. కావున ఒంటికి తగులు పొర నూలుది కారాదు. పిల్లల శరీరబరువుతో పోల్చగా చర్మవైశాల్యము హెచ్చు గనుక పెద్దలకంటె త్వరగా చల్లబడుదురు. తండ్రికి హాయిగా ఉన్న చలి కుమారునకు హాయి కాదు.

మనాలి నుండి సోలంగు పోవు దారి పొడవునా అంకెలు వేసిన అంగళ్ళు వరుసగా నుండును. అచట మంచుకోట్లు, రబ్బరు బూట్లు బాడుగకు ఇత్తురు. నిన్నటివాని తడి ఇంకను ఆరని బూటు, బిడ్డ పాదముకంటె ఒక వ్రేలు పెద్దది, తొందరలో తగిలించి పంపుదురు. అది వలదు. లోపల చేయి పెట్టి తడిమి చూచి, పొడిదానినే అడిగి, రెండు జతల ఉన్ని మేజోళ్ళతో సరిపోవుదానిని ఎంచుకొనవలెను. ఇంత చేసినను, మంచులో దిగిన మరుక్షణము పిల్లవాడు చేతితొడుగు ఊడదీసి పారవేయును. వట్టిచేత పిడికెడు మంచు తీయును, నోట పెట్టుకొనును, చెల్లెలి మెడలో వేయును, కొంతసేపటికి వ్రేళ్ళు ఎర్రబారి, నిశ్చేష్టుడై నిలిచి, "అమ్మా, చెయ్యి మండుతాంది" అనును. చల్లనిది మండుట ఎట్లని వాడు ఆశ్చర్యపడును. ఆ వ్రేళ్ళను మంచుతో రుద్దరాదు, నిప్పుకడ పెట్టరాదు. తల్లి తన చంకలోనో పొట్టమీదనో పెట్టుకొని వెచ్చచేసిన చాలును. తెల్లబారి మొద్దుబారినచో వెంటనే లోపలికి కొనిపోయి, గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యునకు చూపవలెను. కన్నుల మాటయు మరువరాదు. క్రొత్తమంచు తనపై బడిన అతినీలలోహిత కిరణములలో నూటికి 80 పాళ్ళ వరకు తిరుగగొట్టును. చలువ అద్దములు పెద్దల సొగసునకు కాదు, పిల్లల కన్నులకు ముందు కావలెను.

ఈ జాగ్రత్తలన్నిటికంటె ప్రాణములతో ముడిపడినది మరియొకటి కలదు. గదిలో చలికి తాళలేక బొగ్గుల కుంపటి వెలిగించి తలుపులు బిగించుకొని పరుండుట, మంచులో చిక్కుకొన్న కారులో అద్దములు మూసికొని ఇంజను నడుపుచు కూర్చుండుట, రెండును ప్రాణాంతకములు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. 2022 జనవరిలో పాకిస్తాను కొండయూరు మర్రీలో మంచు చూడ వచ్చిన కుటుంబములు హిమపాతమున బండ్లలో చిక్కుకొని, పిల్లలతో సహా 20 మందికి పైగా మరణించిరి. విద్యుత్తు హీటరు ఉన్న బసనే కోరి తీసికొనుడు; అధికారులు దారి మూసిరన్న దినమున డ్రైవరును బ్రతిమాలకుడు.

ఇక నేను మిక్కిలి ప్రీతితో చెప్పదలచిన సంగతి, మంచు పిల్లలకు నేర్పు పాఠము. మేఘములోని నీటియావిరి ధూళికణము చుట్టును ఆరు కోణముల స్ఫటికమై పేరుకొని, దిగుచు దిగుచు పెరుగును. నల్లని కోటు చేతిమీద పడిన రేకును, ఊపిరి తగులకుండ వంగి చూడుమని పిల్లవానికి చెప్పవలెను. భూతద్దము ఒకటి సంచిలో ఉన్నచో మరియు మంచిది. గిన్నె నిండుగ క్రొత్తమంచు నింపి గదిలో ఉంచినచో, కరగిన తరువాత అడుగున సుమారు పదవవంతు నీరే మిగులును. తక్కినదంతయు గాలియని వాడు కన్నులార చూచును. మంచు కురిసిన ఉదయము ఊరంతయు ఏల నిశ్శబ్దముగా నున్నదని అడుగును. ఆ గాలిగదులే చప్పుడును మ్రింగినవని చెప్పవచ్చును. ఈ మంచును తెచ్చునవి మనకు వానలు తెచ్చు నైరుతి ఋతుపవనములు కావు. మధ్యధరా సముద్రపు వైపునుండి బయలుదేరి పడమటినుండి వచ్చు గాలులు.

అన్నిటికంటె ముఖ్యము నదుల కథ. మన బిడ్డ ఇంట త్రాగు నీరు శ్రీరాంసాగరు నుండి కాకతీయ కాలువలో వచ్చు గోదావరి నీరు. గోదావరియు, కృష్ణయు వానల నదులు. కనుకనే వేసవిలో ఇసుకతిన్నెలు తేలును. బియాసు, చీనాబు, గంగ మంచునదులు కూడ. కొండమీద నిలువచేసిన మంచు వేసవిలో కరగి వానికి నీరు పట్టును. సోలంగులో తన కాలిక్రింద నున్న మంచు ఏప్రిల్, మే నెలలలో పంజాబు పొలమునకు పారునని తెలిసిన పిల్లవాడు బిస్కట్టు పొట్లపు కాగితమును దానిమీద పారవేయుటకు సంకోచించును. భూగోళశాస్త్రమున రెండు పంక్తులుగా బట్టీపట్టిన సంగతి అచట తడిచేతులకు తగులును.

అచటి మనుష్యులను గూర్చియు పిల్లలకు చెప్పవలెను. గుల్మార్గులో చెక్కబండి మీద కూర్చుండబెట్టి త్రాటితో లాగుకొనిపోవు శ్రామికునకు ఆ కొద్ది నెలల మంచే ఏటి గ్రాసము. పదిరూపాయలకు అతనితో గంటసేపు బేరమాడు తండ్రిని పిల్లవాడు చూచుచుండును. ధర ముందే మాటాడుకొని, ఎగుడుదారిన దిగి నడచి, దిగుడుదారిన మాత్రము ఎక్కినచో ఇరువురికిని మేలు.

ఇంత చేసి పోయినను మంచు ఉండునన్న హామీ లేదు. కాశ్మీరమున డిసెంబరు 21 నుండి నలువది దినములను చిల్లాయ్ కలాన్ అందురు. చలికి అది నడినెత్తి. అయినను 2024 జనవరిలో నెల చివరి వరకు గుల్మార్గు నేల ఎండిన గడ్డితో బోసిగా నుండెను. రోహ్తాంగు చలికాలమున మూసియుండును. కాని 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగము మీదుగా, దారి తెరచియున్న దినములలో, లాహౌలులోని సిస్సుకు పోవచ్చును. బయలుదేరక ముందే "మంచు పడవచ్చును, పడకపోవచ్చును, పడకున్నను దేవదారు వనము, నది, కొండ ఉన్నవి" అని పిల్లలతో అనుకొనుట మంచిది. మంచు చూపెదనని ప్రమాణము చేసి, చూపలేక, ఆ కోపమును డ్రైవరుమీద చూపు తండ్రి యాత్రనంతటిని చేదు చేయును.

కాబట్టి ఈ వ్యాసమును చదువుచున్న తల్లిదండ్రులారా, ఆరు ఊళ్ళ కరపత్రమును ప్రక్కన పెట్టి, ఒక్క ఊరిని ఎంచుకొనుడు. బిడ్డను ముందు వైద్యునకు చూపుడు. రైలు టిక్కెట్లు ప్రయాణమునకు 60 దినముల ముందుగా ఇచ్చుచున్నారు. సంక్రాంతి సెలవులలో పోదలచినవారు నవంబరు రెండవ వారముననే టిక్కెట్టు తీసికొనవలెను.